అక్షరాలు పైకి

మొదటి రాయి ఫాల్గుణంల వాపస్ వచ్చింది.
చలివాగు మీద వంతెనకు శంకుస్థాపన ఫలకం,
నల్ల గ్రానైటు, మూడడుగుల పొడుగు,
బంగారు రంగు నింపిన అక్షరాలు.
సర్పంచి ఐలయ్య పేరు
జెడ్పీటీసీ తిరుమల్‌రెడ్డి పేరు కింద పడ్డదని
ఐలయ్య తమ్ముడు ట్రాలీల ఏసుకొచ్చి
పరకాల రోడ్డు మీది నా కొట్టం ముందు దించిండు.
"ఊరు మాది, వాగు మాది, పేరు కిందికా వీరాచారీ?"

రెండో రాయి మీద ఇద్దర్నీ ఒక్క వరుసల కూసోబెట్టిన.
తిరుమల్‌రెడ్డి మనిషి టేపు తెచ్చి కొలిచిండు.
అక్షరాలు సమానమే గని,
ఎడమదిక్కు పేరే ముందు చదువుతరు కదా, అన్నడు.
నిజమే.
తెలుగు ఎడమ నుంచే నడుస్తది,
నేనేం జేతు?

రాత్రి ఉలికి పదును పెడుతున్న.
సుకన్య పరీక్షకు చదువుతున్నది, పైకే,
ఎమ్మే రెండో సంవత్సరం, యూరపు చరిత్ర.
లండన్ల స్వీడన్ రాయబారి దిగిన పొద్దు
ఊరేగింపుల ఎవరి బండి ముందు నడవాల్నని
ఫ్రాన్సోళ్లు స్పెయినోళ్లు కత్తులు దూసుకున్నరట.
పగ్గాలు తెగకుంట స్పెయినోళ్లు
ఇనుప గొలుసులు కట్టుకొచ్చిండ్రట.
గుర్రాలు సచ్చినయట, మనుషులు సచ్చిండ్రట.
ముందటి బండ్లె ఉన్నోనికి
వెనుక బండ్లె ఉన్నోనికంటె
ఊరు తొందరగ కనవడ్డదా బిడ్డా?
సిలబస్‌ల లేదు నాన్నా, అన్నది.

పేజీ తిప్పింది.
రష్యా జారు బిరుదుల ఒక మాట తప్పు పోయిందని
పోలండు మీద పగబట్టిండ్రట.
తప్పు రాసినోళ్లను శిక్షించుమని
దూతల పంపిండ్రట.
నా చెయ్యి ఆగింది.
"రాసినోన్నా? రాయించినోన్ని గాదా?"
సుకన్య నవ్వింది. నాకు నవ్వు రాలే.

మనోళ్లు తక్కువనా?
వేయిస్తంభాల గుడి శాసనం కాడ
మా తాత నా ఏలు పట్టి అక్షరాలు తడిమిపిచ్చిండు.
మహామండలేశ్వర, అనుమకొండ పురవరాధీశ్వర...
రాజు పేరు కాడికి చేరేసరికి
నాకు ఆకలైంది.
చెక్కినాయన ఎవరు తాతా, అనడిగితే
తాత చాలాసేపు రాయిని చూసి
బస్సొస్తది పా, అన్నడు.

మూడో రాయి మీద గుండ్రంగ చెక్కిన,
బతుకమ్మ చుట్టు ఆడోళ్లు తిరిగినట్టు పేర్లు.
ఇద్దరూ ఒప్పుకున్నరు.
ఒక్క "గౌరవనీయులు" మాత్రం
ఎవరికి ముందు మొదలైతుందో తేలకముందే
ఎన్నికల కోడ్ వచ్చింది.
వంతెన పోయింది, పైసలు పోయినయి,
ముగ్గురు దొరలోలె మూడు రాళ్లు
నా గోడకు ఆనుకొని నిలబడ్డయి.

శ్రావణంల బుచ్చమ్మ వచ్చింది,
రెండు పాలక్యాన్లు, మోకాలి దాక బురద.
"చారీ, వాగుల కాలు జారి నిన్న నాలుగు లీటర్లు పోయినయి.
పనికిరాని బండలుంటె ఇయ్యి."
ఇచ్చిన.
పేర్లు కిందికేసి పరుస్తమని ఆమె కొడుకు అంటే
వద్దన్న.
నున్నటి గ్రానైటు, నాచు పడితే మనిషి దక్కడు.
అక్షరాలు పైకి పెట్టుండ్రి, కాలుకు పట్టు దొరుకుతది.

వారం తర్వాత అడిగిన, ఎట్లున్నయని.
"నడిమిది జెర ఊగుతది.
పెద్దక్షరాలున్న కాడ మడిమె మంచిగ ఆనుతది,"
అన్నది చదువురాని బుచ్చమ్మ.
సుకన్య పుస్తకం మూసి అడిగింది,
"ముందు ఎవరి రాయి ఏసిండ్రు?"

బుచ్చమ్మకు ప్రశ్నే అర్థం కాలే.
"పొద్దుగాల పోతే ఇటుది ముందు,
మాపటికి మర్లొస్తె అటుది ముందు.
ఇగో, గిన్నె తేండ్రి,
రాళ్ల బాకీల ఒక అరలీటరు."