పలచగా

మార్చి మొదటి ఆదివారం. కిటికీ బయట
తడి కొండ, దాని మీద తడి గొర్రెలు.
వంటింటి బల్ల మీద పాత దుప్పటి పరిచి
క్యూ కర్రని పడుకోబెట్టాను,
జ్వరమొచ్చిన పిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు కాదు,
ఊరికే, కర్రని పడుకోబెట్టినట్టే.

ముందు తడిగుడ్డ, గట్టిగా పిండింది.
ఆడని కర్రకి మురికెక్కడిదని మీరడగొచ్చు.
ఈ లోయలో గోడలకి కూడా చెమట పడుతుంది.
తర్వాత గరుకు కాగితం, కొట్లో దొరికేవాటిలో కెల్లా మెత్తనిది,
చార వెంబడే, ఎదురు కాదు.
యాష్ కర్ర మీద చారలు బాణపు మొనలు,
ఒకదాని వెనక ఒకటి,
అన్నీ ఇత్తడి పొన్ను వైపే.

ఒక్క చోట మాత్రం కాగితం ఆపుతాను.
కర్ర నడుమ, జానెడు మేర, గాజంత నునుపు.
ఇల్టిడ్ గడ్డం ఆనిన చోటు.
గని నుంచి తిన్నగా వచ్చి
వర్కర్స్ హాలు మేడ మీద వంగిన గడ్డం,
గీసుకోని గడ్డం, పదహారేళ్లు.
(ఆ మేడ మీద ఇప్పుడు కార్పెట్లు అమ్ముతున్నారు.)
దాని మీద కాగితం పెట్టడానికి నేనెవణ్ణి?

సమ్మె ఎనిమిదో నెలలో తెచ్చాడు.
నేను బస్సు నడిపేవాణ్ణి, నాకు జీతముంది.
"పన్నెండు పౌండ్లు," అన్నాడు, గోడకేసి చూస్తూ.
నేను బేరమాడలేదు.
ఆడి ఉండాల్సింది.
అప్పుడది స్నేహితుల మధ్య మాటయ్యేది.
లెక్కపెట్టి ఇచ్చాను,
లెక్కపెట్టుకోకుండా జేబులో కుక్కుకున్నాడు.
ఆ శనివారం వాళ్ళ రోన్వెన్ కాళ్లకి కొత్త బూట్లు,
ఒక సైజు పెద్దవి.

సమ్మె ముగిసిందీ ఒక మార్చి ఆదివారమే.
అడిగితే ఇద్దామని నేను,
ఇస్తే తీసుకుందామని అతను,
ఇంత మర్యాదస్తులం, నలభై ఏళ్లు.
దానితో ఒక్క ఆటా ఆడలేదు నేను.

ఏటా ఈ రోజు టీకి వస్తాడు. టోపీ తియ్యడు.
అవిసె నూనె సీసా మూత తిప్పడం ఆలస్యం
మొదలెడతాడు:
"పలచగా. ఇంకా పలచగా.
కర్ర తాగనిదంతా జిడ్డే.
మొదట్లో ఆ నల్లచేవకి పుయ్యకు,
దాని నూనె అదే తెచ్చుకుంది పుట్టింటి నుంచి."
అరచెయ్యి వేడెక్కేదాకా రుద్దమంటాడు.
వేడెక్కేదాకా రుద్దుతాను.
పావుగంట ఆగి, తుడిచి,
మళ్ళీ.

ఈ ఏడు నా భుజం లేవలేదు.
రెండో పూతకే ఆగిపోయి
గుడ్డని బల్ల మీదుగా అతని వైపు జరిపాను.
చాలాసేపు దాన్నే చూశాడు.
టోపీ తీశాడు.
బట్టతల మీద బొగ్గు దిగిన నీలి మచ్చ,
ఇన్నేళ్లలో నేను మర్చిపోయింది.

అతని చెయ్యి కర్ర మీద నడిచింది
కరెంటు పోయిన రాత్రి సొంతింటి మెట్లు దిగినట్టు.
నునుపు దగ్గరికొచ్చి ఆగింది.
"ఇక్కడ కాగితం తగల్లేదు."
"లేదు."
"ఒక్కసారీ?"
"టీ చల్లారిపోతోంది," అన్నాను.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో నిలబడి
ఏటా చెప్పేదే చెప్పాడు:
"నూనె గుడ్డ ఉండచుట్టి పడెయ్యకు.
మడతలో మడత వేడెక్కి
దానంతటదే అంటుకుంటుంది."
కర్ర అతని చంకలో ఉంది.
నేను చూడలేదన్నట్టు ఊరుకున్నాను,
చూడలేదనే అనుకున్నట్టు అతనూ.

కప్పు తీస్తే సాసర్ కింద
పది పౌండ్ల నోటు.
పది.
రెండు తగ్గించాడు, దొంగ వెధవ.
నవ్వితే భుజం నొప్పి పుట్టింది.

గుడ్డని మాత్రం, చెప్పినట్టే,
మడతలన్నీ విప్పి, అరచేత్తో చదును చేసి,
పెరట్లో తీగ మీద ఆరేశాను.
వాన ఆగినట్టుంది.
గొర్రెలు అక్కడే ఉన్నాయి.