ఐదువందల మాటలు

కేటాలో ఒకవైపు సముద్రం, ఇంకోవైపు ఉప్పుసరస్సు,
మధ్యన సన్నటి రోడ్డు. ఆ రోడ్డు మీద నా జిరాక్సు కొట్టు.
పాస్‌పోర్టు ఫొటోలు, లామినేషన్, అంత్యక్రియల పోస్టర్లు.
ఆగస్టు వచ్చిందంటే మాత్రం
అన్నిటికంటే ముందు స్కాలర్‌షిప్పు దరఖాస్తులు.

సెఫకోర్ మొదట తెచ్చిన కాగితం
చదవకుండానే సగం అప్పజెప్పగలను:
"చిన్ననాటి నుంచి నాకు చదువంటే అపారమైన ఆసక్తి."
ఈ నెలలోనే పదకొండుసార్లు కొట్టాను దీన్ని,
నా కీబోర్డుకి కంఠతా వచ్చు.
ఇది నువ్వే రాశావా, అన్నాను.
"అందరూ ఇలాగే రాస్తారుగా, ఆంటీ."
అందుకే అడిగాను.

ప్రశ్న చిన్నదే: మీకే ఎందుకు ఇవ్వాలి?
ఐదువందల మాటలకు మించకుండా.

రెండోసారి పేదరికం మోసుకొచ్చింది, మూడు పేజీలు.
కళ్ళు చెమర్చేలాగే ఉంది.
వాళ్ళ బల్ల మీద ఇప్పటికే నాలుగొందల ఆకళ్ళుంటాయి తల్లీ,
ఏది బరువో తూచే తక్కెడ వాళ్ళ దగ్గరుండదు, అన్నాను.
అలిగి వెళ్ళిపోయింది.
జిరాక్సు డబ్బులు కూడా ఇవ్వలేదు.

వారం పోయాక, కరెంటు లేని ఒక మధ్యాహ్నం,
ఊసుపోక చెప్పింది:
తొమ్మిదో ఏటి నుంచీ ప్రతి ఈస్టరు మర్నాడు
వంటింటి గడప నుంచి అల తడిపే గీత దాకా
అడుగులు లెక్కపెడుతుందట.
మొదటి ఏడు రెండొందల పద్నాలుగు.
"కాళ్ళు ఎదుగుతున్నాయి కదా, అడుగుని నమ్మలేం.
అందుకే తర్వాత నాన్న వలతాడుకి మూరకో ముడి వేశాను.
అప్పుడు తాడు చాలేది కాదు, చివర గుడ్డపీలికలు కట్టేదాన్ని.
పోయినేడు
తాడే మిగిలిపోయింది."

నా చేతిలో విసనకర్ర ఆగిపోయింది.
ఎక్కడైనా రాసుకున్నావా ఇవన్నీ?
లెక్కల నోట్సు వెనక పేజీల్లో,
ఉప్పుగాలికి మెత్తబడి, అప్పడంలా ఉబ్బిన కాగితం.
ఒక ఏడు ఖాళీ.
"అప్పుడు టైఫాయిడ్," అంది, తప్పు ఒప్పుకుంటున్నట్టు.
అదీ రాయి, అన్నాను. ఖాళీని దాస్తే
మిగతా అంకెల్ని ఎవరు నమ్ముతారు?

క్వాసిగా మాస్టారి సిఫార్సు లేఖలో:
వినయశీలి, సమయపాలన గలది.
సమయపాలనా!
చేపలు పొగబెట్టే పొయ్యి చల్లారకుండా
ఈ పిల్ల బడికి ఏ రోజు వచ్చింది గనక?
మళ్ళీ వాళ్ళింటికి నడిచాం.
ఆయన కళ్ళజోడు తుడుచుకుని, నవ్వి, చేత్తో రాశారు:
ఆలస్యంగా వచ్చేది. వచ్చాక
నన్ను త్వరగా ఇంటికి పోనిచ్చేది కాదు.

కుటుంబ ఆదాయం గడిలో ఒక్క అంకే పడుతుంది.
వాళ్ళమ్మ వేళ్ళు మడుస్తూ కూర్చుంది:
చేప పడ్డ నెల, పడని నెల, పడ్డా కుళ్ళిన నెల.
మడిచిన వేలు మళ్ళీ విప్పింది.
సగటు అంటే ఏమిటని అడిగింది.
సెఫకోర్ చెప్పింది, ఓపిగ్గా, రెండుసార్లు.

అంతా కొడితే ఏడొందల పన్నెండు మాటలు.
'ఎంతో' పోయింది. 'నిజంగా' పోయింది.
మూడుచోట్ల 'కృతజ్ఞురాలిని', ఒకటి ఉంచాం.
'నాన్న' దగ్గర ఇద్దరం ఆగాం.
ఆయన పడవ తిరిగిరాని సంగతి ఎక్కడా రాయలేదు,
తాడు ఆయనదని మాత్రం రాసింది.
దాన్ని కదపలేదు.

నాలుగొందల తొంభై తొమ్మిది.
"ఒక్క మాటకి చోటుంది, ఆంటీ."
చాలాసేపు తెరవంక చూసింది.
చివరి వాక్యం: "ఆ తాడు చాలని రోజు చూడాలని నా కోరిక."
వేలితో వెతుక్కుంటూ తనే కొట్టింది,
'తాడు' పక్కన: 'మళ్ళీ'.

పంపేశాక పాత బాకీ చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.
ఫలితాలు ఈస్టరు దాటాకని రసీదులో ఉంది.
అంటే ఈలోపు ఇంకో కొలత పడాలి.
నేను షట్టరు దించుతుంటే, మెట్టు మీద కూర్చుని,
రసీదు వెనక్కి తిప్పి
దానికో గడి గీసుకుంటోంది.