నూట ఎనభై

మా కోర్టులో మాటకి మనిషి తోడు రావాలి.
ఒంటరిగా వచ్చిన మాటని
బంట్రోతు కూడా కూర్చోమనడు.
"నువ్వు చూశావా, ఎవరో చెబితే విన్నావా?"
ఇరవై రెండేళ్లుగా ఈ ప్రశ్న కొట్టీ కొట్టీ
నా కీబోర్డు మీద 'వ' అరిగిపోయింది.

ఆ సోమవారం బోనులో కొర్లమ్మ.
ఫిషింగ్ హార్బర్ నుంచి సరాసరి వచ్చినట్టుంది,
కుచ్చిళ్ల అంచున చేప పొలుసులు
ఫ్యాను గాలికి ఉండుండి మెరుస్తున్నాయి.

"కేజీహెచ్‌లో తెల్లారగట్ట ఆడు నాతో సెప్పినాడు బావూ,
వించి కాడ నన్ను తోసినోడు..."

డిఫెన్సు లాయరు లేచాడు.
విన్న మాట, యువరానర్. చెల్లదు.

జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.
చెప్పినవాడు చనిపోయాడు కనుక చెల్లుతుందన్నారు.
పాత చట్టంలో ముప్పై రెండు, కొత్తదాంట్లో ఇరవై ఆరు.
గుమ్మానికి నెంబరు మార్చారు గానీ
శవాన్ని మోసుకొస్తే గానీ
ఆ తలుపు తెరుచుకోదు.

కొర్లమ్మకి బోధపడలేదు.
"ఆడు బతికుంటే?"
బతికుంటే అతనే వచ్చి చెప్పాలమ్మా.
"ఇప్పుడు?"
ఇప్పుడు నువ్వు చెప్పొచ్చు.
"అయితే బావూ,
ఆడి నోరు మూతపడ్డాకే
ఆడి మాటకి ఇలువొచ్చినాదన్న మాట."

ఎవరూ నవ్వలేదు.
అది టైపు చెయ్యమని నాతో ఎవరూ అనలేదు.

తోసినవాడి పేరు చెప్పింది. కొట్టాను.
ఏ వేళ, బోటు మీద లైటు ఉందా లేదా,
చెప్పేటప్పుడు అతనికి తెలివి ఉందా.
కొట్టాను.
ఆవిడ ఆగలేదు:
"ఐసు బండి సిమ్మాచెలానికి నూటెనబై ఇచ్చీమన్నాడు,
పెద్దదాని సైకిలు సెయిను తెగిపోనాదన్నాడు,
మబ్బేసినాదేటో, వల ఎత్తీమన్నాడు..."

అది వద్దమ్మా, అన్నారు జడ్జిగారు, మెత్తగానే.
చావుకి కారణం చెప్పిన మాట ఒక్కటే చాలు.
నా వేళ్లు గాల్లోనే ఉండిపోయాయి,
'సిం' దగ్గర.
వెనక్కి జరిపి చెరిపేశాను.

రాత్రి గాజువాకలో, అన్నం ముందు,
మా ఆవిడకి ఇదంతా చెప్పాను
(ఆడు ఆవిడతో, ఆవిడ మాతో, నేను ఈవిడతో).
తోసింది ఎవరని అడగలేదు తను.
"ఇంతకీ ఆ సింహాచలానికి ఇచ్చిందా?"
తెలీదన్నాను.
"కనుక్కోలేదా?"
కనుక్కోడం నా పని కాదన్నాను.

కోనాం ముక్క కంచంలో చల్లారిపోయింది.
ఐసు బండ్లు నాలుగింటికే వస్తాయట హార్బర్‌కి,
ఎవరో చెబితే విన్నాను.