మూడు సిగరెట్లు

మా జార్జియాలో డబ్బు పేరు లారి.
నాలుగు వేల లారీలు పోసి ఒక్క లారీ కొన్నాను,
సైన్యం వద్దనుకున్నది,
గ్యాజ్ అరవై ఆరు, నా పెళ్లికన్నా ఏడాది పెద్దది.
వేలంలో నాతో పోటీపడ్డవాడు పాత ఇనుము వ్యాపారి.
వాడు తూకం చూశాడు.
నేను చక్రాల ఎత్తు చూశాను.

ముప్పై రెండేళ్లు లగోదేఖి బడిలో రసాయనశాస్త్రం చెప్పాను.
తుప్పు సూత్రం నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో!
అది గోళ్లలోకి దిగడం మాత్రం ఇప్పుడే.
నట్టు నట్టుకీ కిరోసిన్, నట్టు నట్టుకీ ఒక రాత్రి నానబెట్టడం,
తెల్లారి ఒక బూతు.
అంతకుముందు నాకు రెండే వచ్చు.

పక్కింటి మల్ఖాజ్ గోడ మీద మోచేతులు ఆనించి
వారం రోజులు ఊరికే చూశాడు.
"గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువుండదు, త్సియాలా.
వంద కిలోమీటర్లకు పాతిక లీటర్లు తాగుతుంది."
ఎనిమిదో రోజు గోడ దూకాడు,
అరవై దాటిన మోకాళ్లతో.

పేలు చూడ్డానికి పిల్ల మెడ వంచినట్టు
క్యాబిన్‌ని ముందుకు వంచాం.
గాలి ఫిల్టర్లో ఎండిన కందిరీగ గూడు.
పారేయకుండా నా అరచేతిలో పెట్టాడు:
"నీ చుట్టాలే. నీకన్నా ముందే దిగారు."

నాకు ఇరవై నాలుగు తేనెపెట్టెలు.
మేలో లోయలో అకేసియా, జూన్‌లో లిండెన్,
ఆ పైన కొండమీది పచ్చిక.
పూత మనకోసం ఆగదు.

సైనికుల నడుములకు సరిపోయిన కుదుపు
ఈగలకు సరిపోదు.
కమాను పట్టీల్లోంచి రెండేసి ఊడదీశాం,
పెట్టెల కింద మా అత్తగారి తివాచీ కోసి పరిచాను.
(ఆవిడ బతికుంటే నన్నే కోసేది.)
పక్కరేకుల్లో గుండ్రటి కంతలు, కంతకో రంగు,
పసుపు, నీలం, తెలుపు.
ఎరుపు వేయలేదు. ఈగ కంటికి అది చీకటే.

రంగు గీకుతుంటే పచ్చ కింద ఇంకో పచ్చ.
దాని కింద
ఇసుక రంగు.
మల్ఖాజ్ గీకుడురేకు కింద పెట్టి
చేతులు కడుక్కొస్తానని వెళ్లాడు.
ఏ ఎడారి అని నేను అడగలేదు.
గోడకు ఆ పక్క కుళాయి చాలాసేపు పారింది.

వెనక బల్లలు పీకిన రోజు
ఒక చెక్క అడుగున, మేకుతో గీకిన రష్యన్ అక్షరాలు.
ప్రార్థన అనుకున్నాను. లేదా ఎవరో అమ్మాయి పేరు.
అతను కళ్లద్దాలు తుడుచుకుని చదివాడు:
"గెన్కా నాకు మూడు సిగరెట్లు బాకీ. ఇవ్వడు, వెధవ."
నవ్వాడు. నవ్వుతూనే ఆ చెక్క మీద చతికిలబడ్డాడు.
కూర్చున్నవాడు కూర్చున్నట్టే,
నీడ బండి కిందకి పోయేదాకా.

ఈ బండికి గేరు కర్ర డ్రైవరు వెనక ఉంటుంది,
కుడి మోచేతికి అందీ అందక.
జేబుదొంగలా తడుముకోవడం నేర్చుకోడానికి నాకు నెల పట్టింది.
జూన్ ఆఖర్లో ఒక రాత్రి, ఈగలు సద్దుమణిగాక
కంతలకు గుడ్డలు కుక్కి బయల్దేరాం.
మూడో మలుపులో నా చెయ్యి దారితప్పింది.
పక్క సీట్లోంచి ఒక చెయ్యి వెనక్కి పోయి
చీకట్లో, చూడకుండా, రెండో గేరు వేసింది.
చెయ్యే వేసింది. మల్ఖాజ్ కాదు.
అతను కిటికీ అవతలికి చూస్తున్నాడు.

ఆ చెక్కని గీకలేదు, వార్నిష్ పూయలేదు.
పద్దెనిమిదో పెట్టె కింద ఉంది,
రాసినవాడు దాచినట్టే, రాత కిందికి.
క్యాబిన్ సొరుగులో మూడు సిగరెట్లు పెట్టాను,
ఎవరైనా వచ్చి అడిగితే.
మల్ఖాజ్ మానేసి పన్నెండేళ్లు.

నిన్న చూస్తే రెండే ఉన్నాయి.
పెట్టెలు తెరవడానికి పొగడబ్బా సిద్ధం చేస్తూ
అగ్గిపెట్టె ఏదీ అని వెతుకుతున్నాను.
అతని జేబులోంచి వచ్చింది.