విప్పేందుకు దారుండాల

పొగతోటలో మూడో అంతస్తు.
లిఫ్టు చెడిపోయి, అడ్డంగా బకెట్టు పెట్టుండారు.
మెట్లెక్కి పోయి కూర్చున్నాను,
గోళ్ళ సందుల్లో ఇంకా గ్రీజు.

దవడలో రెండు బోల్టులు నాటి నాలుగు నెలలు.
ఎముక వాటిని పట్టుకునిందంట.
ఎక్స్‌రే దీపానికి పెట్టి చూపించింది డాక్టరమ్మ షాహిదా:
గుంట గట్టున పాతిన ఇనప గుంజల్లాగా
ఒకటి నిటారుగా, ఒకటి కాస్త ఒరిగి.

"వీటి మీద పళ్ళు కూర్చోబెట్టాల చెంచురామయ్యా.
మరతో బిగించొచ్చు. లేదంటే సిమెంటుతో అంటించొచ్చు."

నన్నా అడిగేది!
ముత్తుకూరు చుట్టూ రొయ్యల గుంటల్లో
ముప్పయ్యేళ్ళుగా ఏరియేటర్లు విప్పి బిగించిన చేతులివి.
అర్ధరాత్రి రెక్క ఆగితే
తెల్లారేసరికి సరుకంతా తేలిపోయే చోట
విప్పేందుకు దారిలేని గేరుబాక్సుని
ఎన్ని తిట్లు తిట్టానో ఆ ఉప్పునీళ్ళకే తెలుసు.
"రెండూ మరే పెట్టు తల్లీ" అన్నాను.

ఆమె నవ్వలేదు. అద్దం చేతికిచ్చింది.
వెనక పన్నుకి సరే,
మర దూరే బెజ్జం నమిలే వైపుంటుంది, ఎవరూ చూడరు.
ముందు పన్ను బోల్టు ఒరిగింది గదా,
బెజ్జం పెదవి వైపు తెరుచుకుంటుంది.
నవ్వినప్పుడల్లా పన్నుకో కన్ను.

మరి అంటిస్తే?
చూసేదానికి బాగుంటుంది.
కానీ పొంగిన సిమెంటు చిగుళ్ళ కిందికి జారి
ఆవగింజంత మిగిలినా చాలు,
ఏడాదికో ఐదేళ్ళకో చీము, ఆపైన ఎముక కరగడం.
"మర వదులైతే పన్ను కదుల్తుంది, నీకే తెలుస్తుంది.
సిమెంటు మిగిల్తే నీకు చెప్పదు."

మా బావమరిది మాలకొండయ్య గుర్తొచ్చాడు.
పైకంతా నున్నగా మాట్లాడేవాడు,
లీజు పోయిందాకా అప్పు సంగతి ఎవరికీ తెలీదు.

వెనక పన్నుకి పది నిమిషాలే పట్టింది.
ఆమె చేతిలో బుల్లి టార్కు రెంచి.
టక్కుమనింది. ఆ చప్పుడు నాకు చుట్టం.
బెజ్జంలో తెల్ల టేపు కూరి పైన పూత పెట్టింది.
"అమ్మా, అది మా పైపులకి చుట్టే టెఫ్లాన్ టేపు గదా!"
అప్పుడు నవ్వింది.

ముందు పన్నుకి ముప్పావుగంట.
సిమెంటు పిసరంత పూసి, అదిమి,
దారంతో, సూదిలాంటి కొక్కెంతో
చిగుళ్ళ చుట్టూ వెతికింది, మళ్ళీ వెతికింది,
ఎక్స్‌రే తీసి ఇంకోసారి వెతికింది.
అంతసేపూ ఊపిరి బిగబట్టుకోనుండాను,
నోరు నాదైనా పని ఆమెది.

ఆ రాత్రే ఫోను. గుంటకాడ మోటారు ఆగింది.
వైరు తోలు ఒలవబోయి
చెయ్యి దానంతటదే నోటి దాకా పోయింది.
మొదటి పన్ను అట్టనే గదా ఊడింది.
కాపలా కుర్రోణ్ణి బ్లేడు అడుక్కున్నాను.

రెక్క తిరిగింది, నురగ లేచింది.
నాలిక మాత్రం ముందు పన్ను జోలికి పోకుండా
వెనక్కే పోతా ఉండాది,
పూడ్చిన ఆ బెజ్జం కాడికి.