పిల్లర్ నంబర్ నూట నలభై నాలుగు

మా ఇంటికి నంబరుంది.
మూడు డాష్ నాలుగు డాష్ నూట పదకొండు
బై రెండు బై ఏ బై ఆరు.
ఓనరుగారి తాతలు స్థలం పంచుకున్నప్పుడల్లా
ఒక్కో బై మొలిచిందట.
పూర్తిగా చదివి వినిపిస్తే కొరియర్ కుర్రాడు
కాసేపు మౌనం పాటించి
"అదంతా సరే సార్, పిల్లర్ నంబర్ చెప్పండి" అంటాడు.

అత్తాపూర్‌లో అంతే.
ఎయిర్‌పోర్టుకు పోయేవాళ్లు పైనుంచి పోతారు,
పాలప్యాకెట్టుకు పోయేవాళ్లం కిందనుంచి.
మధ్యలో ఈ స్తంభాలు
వాళ్లని మోస్తాయి, మాకు పేర్లు పెడతాయి.

మాది నూట నలభై నాలుగు.
పక్కదాని అదృష్టం చూడండి, నూట నలభై మూడు!
కాలేజీ జంటలు దాన్ని ఆనుకుని ఫొటోలు దిగుతారు,
ఎవరో లిప్‌స్టిక్‌తో గుండె కూడా గీశారు.
మాదాని దగ్గర నలుగురు కూడరు.
సెక్షన్ నంబరాయె, దాని తప్పేముంది పాపం.

టిఫిన్ సెంటర్ మా గుమ్మానికి ఎదురుగానే,
కాకపోతే అవతలి రోడ్డు.
ఇడ్లీ పాత్ర మూత తీస్తే ఆవిరి కనిపిస్తుంది,
చట్నీలో పోపు చిటపట వినిపిస్తుంది.
బండి మీద వెళ్లాలంటే మాత్రం
నూట అరవై ఒకటి దాకా పోయి తిరిగి రావాలి,
ఇంటికి చేరాలంటే ఇంకోవైపు పోయి ఇంకోసారి తిరగాలి.
ఈలోగా సాంబారు చల్లారి, సంచిలో సగం స్నానం చేసి ఉంటుంది.
"నడిచి దాటొచ్చుగా" అంటుంది వైజయంతి.
ఆమె ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తుంది,
అలాంటి సలహాలు ఇవ్వకూడదు.

మొన్న మంగళవారం రంగులవాళ్లు వచ్చారు.
నగరానికి అందం తెమ్మని పైనుంచి ఆర్డరట.
వాళ్ల దగ్గర అచ్చులు మూడే:
నెమలి, కొంగ, పాలపిట్ట.
తెల్లారేసరికి వరసగా పక్షులు,
వాటి కింద ఎక్కడో, రెండు పూతల లోతున
మా అడ్రసులు.

ఆ రాత్రి మా బిర్యానీ ఎవరో తిన్నారు.
ఎవరిదో పనీర్ టిక్కా మేం తిన్నాం,
బాగుంది, ఫిర్యాదు లేదు.
నీళ్ల ట్యాంకరు పక్కవీధి సంపులో కుమ్మరించి పోయింది,
దానికి మాత్రం చిన్న యుద్ధం జరిగింది.
కొంగకు ఇటుపక్క ఒక అబ్బాయి,
అటుపక్క ఒక అమ్మాయి,
"నేనొచ్చి గంటైంది, నువ్వెక్కడ చచ్చావ్"
అని ఫోన్లో ఒకరినొకరు తిట్టుకుంటున్నారు.
టీ కొట్టు జహంగీర్ భాయ్‌ని ఎవరేమడిగినా ఒకటే మాట,
"మెహదీపట్నం నుంచి లెక్కపెట్టుకుంటా రా."

నిన్న నా బీపీ మాత్రలు తెచ్చే పిల్లాడు ఫోన్ చేశాడు.
"అన్నా, నెమలి కాడ ఉన్న."
"ఏ నెమలి?"
"నీలం గుంది."
"అన్నీ నీలమే నాయనా."
"దీనికి తోక లేదన్నా. పెయింట్ అయిపోయినట్టుంది."

తోకలేని నెమలి ఎక్కడుందో నాకు తెలీదు.
బీపీ మాత్రల కోసమే బీపీ పెరుగుతోంది.
కట్టుకున్న ఆకుపచ్చ లుంగీతోనే
డివైడర్ దాకా వెళ్లి నిలబడ్డాను,
ఫోన్ టార్చి వేసి చెయ్యెత్తి ఊపాను.
"ఆఁ, కనిపిస్తున్నవన్నా! ఆడ్నే ఆగు,
యూ టర్న్ తీస్కొని వస్త" అన్నాడు,
నా ముందునుంచే చెయ్యూపుకుంటూ
నూట అరవై ఒకటి వైపు వెళ్లిపోయాడు.

నిలబడ్డాను.
ఒక ఆటో నన్ను చూసి హారన్ కొట్టింది.
ఒకావిడ చిల్లర ఉందా అనడిగింది.
ఇంతలో పక్కన బైకాపిన ఒకాయన
చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించి
ఎవరికో దారి చెప్తున్నాడు:
"నెమలి గిమలి చూడకురా, పరేషాన్ అయితవ్.
ఆకుపచ్చ లుంగీ ఆయనొకడు లైటేసుకొని నిలబడ్డడు,
సీదా ఆయన కాడికొచ్చి లెఫ్ట్ కొట్టు."

తర్వాత నాకేసి తిరిగి, మర్యాదగా,
"అంకుల్, ఓ పది నిమిషాలు కదలకండి" అన్నాడు.

కదల్లేదు.
చెయ్యి లాగితే
టార్చి ఎడమ చేతిలోకి మార్చుకున్నాను, అంతే.