టికెట్టు లేని మొక్క

జనవరి. రీగాలో సున్నాకి పదిహేడు డిగ్రీలు కింద.
ట్రామ్ దిగామో లేదో
కనురెప్పలు ఒకదాన్నొకటి పట్టుకుని వదలనన్నాయి.
ఇవాళా బొటానికల్ గార్డెన్‌కి? అంది అమ్మ.
ఇవాళే, అంది అమ్మమ్మ స్కైద్రీతె.
ఎండాకాలంలో ఆకుల్ని ఎవరైనా చూస్తారు.

గేటు దగ్గర నాన్న ఐదు టికెట్లు కొన్నాడు,
అమ్మమ్మకి రాయితీ, తమ్ముడికి సగం,
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి.
ట్రామ్‌లలో టికెట్లు తనిఖీ చేయడం నాన్న ఉద్యోగం.
ఇంట్లో కూడా మా మాటల్ని
వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూసేవాడు.

బయట తోట, తోటలా లేదు.
గులాబీలకి ఫర్ కొమ్మలు కప్పి పడుకోబెట్టారు.
మంచులోంచి పేరు పలకలు మాత్రం తలలెత్తి ఉన్నాయి.
తమ్ముడు ఓయార్స్ ఒక్కో పలక ముందు ఆగి
పేరు కూడబలుక్కుని పిలిచి, కాసేపు చూసి
రాలేదు, అని రాసుకున్నట్టు గాల్లో గీత గీశాడు.
పదకొండో పేరు దగ్గర వాడి ముక్కు తెల్లబడిందని
అమ్మ లాక్కుపోయింది.

గాజుమేడ తలుపు తీయగానే
అమ్మ కళ్ళద్దాలు, నాన్న కళ్ళద్దాలు, అమ్మమ్మ కళ్ళద్దాలు
ఒక్కసారే మబ్బేశాయి.
ముగ్గురు పెద్దవాళ్ళు తలుపు దగ్గర
చేతులు చాపి నిలబడిపోయారు.
తడిమట్టి వాసన.
నవంబరు నుంచి ముక్కుకి అందని వాసన.

అమ్మమ్మ విప్పడం మొదలుపెట్టింది:
కోటు, శాలువా, స్వెటర్, దాని కింద తాతయ్య స్వెటర్.
చివరికి పూలజాకెట్టులో
మోచేతులు పొడుచుకొచ్చిన సన్నటి మనిషి తేలింది.
ఇంతేనా నువ్వు? అన్నాడు ఓయార్స్.
ఇంతే. మిగతాదంతా చలికాలం.

తాకరాదు, తినరాదు, కోయరాదు అని
బోర్డు పైకి చదివాడు నాన్న, అందరికీ వినపడేలా.
మేం అరటి ఆకుల కింద నుంచి నడిచాం.
పైన గాజు మీద మంచు, కింద మా మెడల మీద చెమట.
అమ్మమ్మ ఒక బిగోనియా ముందు ఆగిపోయింది.
వెండి చుక్కల ఆకులు, వెనక ఎరుపు.
ఎనిమిది కుటుంబాలకి ఒకే వంటిల్లు ఉన్న రోజుల్లో
ఆ వంటింటి ఒకే ఒక్క కిటికీలో ఉండేదట ఇది.
ఎవరిదని అడిగితే
ఎవరు నీళ్ళు పోస్తే వాళ్ళది, అంది.

టిక్.

ఆ చప్పుడు నాకు మాత్రమే వినపడింది.

బయట నాలుగింటికే చీకటి.
అమ్మమ్మ ఒక చేతికే తొడుగు వేసుకుంది.
రెండోది గుండెకి ఆనించి, పిచ్చుకని పట్టుకున్నట్టు.
నాన్న ఆగాడు. అత్తయ్యా, అందులో ఏముంది?
రాలిన ఆకు.
రాలింది ఇంత పచ్చగా ఉంటుందా?
త్వరపడి రాలింది.

వెనక్కి వెళ్దామంటే గేటు మూసేశారు.
ముందుకి వెళ్దామంటే స్టాపు దాకా చలి.
నాన్న ఆకుని చూశాడు, అంచు అప్పుడే నల్లబడుతోంది.
జేబులోంచి చేతిరుమాలు తీశాడు.
మడత పెట్టాడు, చాలా నీటుగా,
నెత్తిన పెట్టుకుని, బొచ్చుటోపీ చెవులదాకా లాక్కున్నాడు.
ఎవరూ మాట్లాడలేదు.
అమ్మ మాత్రం నవ్వాపుకోలేక దగ్గింది.

ట్రామ్ వంతెనెక్కింది.
కింద దౌగవ గడ్డకట్టి ఉంది,
మంచుకి బెజ్జాలు పెట్టి చేపల కోసం కూర్చున్న మనుషులు
లాంతర్లతో అక్కడక్కడా.
నడుమ స్టాపులో ఎక్కాడు వీస్వల్దిస్,
నాన్నతో పన్నెండేళ్ళుగా అదే లైనులో తనిఖీ చేసేవాడు.
ఎప్పుడూ టోపీ తీసి పలకరించే నాన్న
తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాడు.

టికెట్లు, అన్నాడు వీస్వల్దిస్ సరదాకి.
నాన్న తీసిచ్చాడు.
అతను లెక్కపెట్టి, మమ్మల్ని లెక్కపెట్టి,
ఒకటి ఎక్కువుందే, అన్నాడు.
తెలుసు, అన్నాడు నాన్న, కిటికీలోకి చూస్తూ.

ఆకు జాం సీసాలోకి చేరింది.
మార్చి వచ్చేదాకా ఏమీ జరగలేదు.
నీళ్ళు మార్చడం అమ్మమ్మ పని.
మార్చిందో లేదో
రాత్రి చొక్కాతో, చెప్పుల్లేకుండా లేచొచ్చి
చూడడం నాన్న పని.